యమహా ఎఫ్310: హాస్టల్ మెట్ల మీది స్ట్రమ్మింగ్ మళ్లీ కావాలంటే

వరంగల్ ఆర్‌ఈసీ (ప్రాంతీయ ఇంజనీరింగ్ కాలేజీ) 2002లోనే ఎన్‌ఐటీ అయింది. అయినా అంతకుముందు అక్కడ చదివినవాళ్ల నోట్లో అది ఇంకా ఆర్‌ఈసీయే. 1992లో గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్, 1993లో రాక్ బ్యాండ్ నిర్వాణ చేసిన అన్‌ప్లగ్డ్ (ఎలక్ట్రిక్ కాని గిటార్లతో వాయించే) కచేరీలను క్యాసెట్లు అరిగేదాకా విన్న తరం అది. రీయూనియన్‌లో మళ్లీ ఆ తరహా వాయించాలి, గిటార్ లేదు అనేవాళ్లకు పది వేలకు అటూ ఇటూగా దొరికే యమహా ఎఫ్310 సరిపోతుంది. అయితే కొన్నదాన్ని కొన్నట్టే స్టేజీ ఎక్కించొద్దు.

ఇది డ్రెడ్‌నాట్, అంటే పెద్ద పెట్టె. పైపలక స్ప్రూసే కానీ ప్లైవుడ్. ఏళ్లు గడిచేకొద్దీ నాదం మెరుగయ్యే రకం కాదు. దీన్ని లోపంగా చెప్తుంటారు గానీ, మన ఎండకాలానికి ఇదే మేలు. ఒకే చెక్కతో చేసిన పైపలక పొడిగాలికి పగులుతుంది, ప్లైవుడ్ అంత తొందరగా పగలదు. ఏ గిటార్‌నైనా మే నెలలో అద్దాలు మూసిన కారులో పెడితే మాత్రం జిగురు మెత్తబడి బ్రిడ్జ్ (పైపలక మీద తీగలు బిగించే చెక్క) లేస్తుంది. బ్రిడ్జ్ వెనక సందులోకి కాగితం దూరుతోందంటే లేవడం మొదలైనట్టే.

స్ట్రమ్మింగ్‌కు ఎఫ్310 బాగా పలుకుతుంది. ఫింగర్‌పికింగ్‌లో (వేళ్లతో ఒక్కో తీగా మీటేటప్పుడు) మాత్రం లావు బేస్ తీగలు మిగతావాటిని మింగేస్తాయి. ఆ 1992 కచేరీలో క్లాప్టన్ చేతిలో ఉన్నది చిన్న పెట్టె మార్టిన్ 000-42. ఆ తేటదనం దీంట్లో వెతకొద్దు.

అసలు పని సెటప్‌లో ఉంది. మొదటి ఫ్రెట్ మీద కాపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కి ఉంచే క్లిప్పు) పెట్టి ఎఫ్ కార్డు ఆకారాన్నే ఒక ఫ్రెట్ పైకి జరిపి పట్టండి. కాపో లేనప్పటికంటే ఒక్కసారిగా తేలికైందంటే నట్ (మెడ చివర తీగలు ఆనే పట్టీ) మీది గాడులు ఎత్తుగా ఉన్నట్టు. అది రిపేరు తెలిసినవాళ్లకే ఇవ్వాలి, ఎక్కువ అరిగితే తీగ జరజరమంటుంది. తరువాత పన్నెండో ఫ్రెట్ దగ్గర ఫ్రెట్ నుంచి తీగ ఎత్తు కొలవండి. అన్నిటికంటే లావైన ఆరో తీగకు 2.5 మిల్లీమీటర్లు, సన్నని ఒకటో తీగకు 2 చాలు. అర మిల్లీమీటరు తగ్గాలంటే శాడిల్‌ను (బ్రిడ్జ్‌లో తీగలు ఆనే సన్నని పట్టీని) అడుగు నుంచి ఒక మిల్లీమీటరు అరగదీయాలి. గాజుపలక మీద గరుకు కాగితం పరిచి నిటారుగా రుద్దండి. అడుగు వంకరైతే శబ్దం చస్తుంది. ఇరవై ఏళ్లుగా తీగ తాకని వేళ్లకు 11 గేజ్ (సన్నని) తీగల సెట్ చాలు. 12 వేస్తే బారే కార్డుల (ఒక్క వేలితో తీగలన్నీ అడ్డంగా నొక్కేవి) దగ్గర చేతులెత్తేస్తారు.

గొంతులు కూడా అప్పటివి కావు. ఆరు తీగల శ్రుతినీ అర మెట్టు (ఒక ఫ్రెట్ అంత) దించండి. నిర్వాణ కూడా ఆ కచేరీకి అలాగే దించింది. గిటార్లు రెండుంటే రెండూ దించాలి, లేదంటే దించనిదాంతో కలవదు.

ఇక లాన్‌లో వాయించినప్పుడు శబ్దం పలచగా అనిపిస్తుంది. గుర్తున్న ఆ శబ్దంలో సగం గిటార్‌ది కాదు మరి, మెట్ల దగ్గరి ఉత్త సిమెంటు గోడలది. దానికి మందు రెండో గిటార్. పాట జీలో ఉంటే ఒకరు మామూలు జీ కార్డులు పట్టాలి, రెండోవారు అయిదో ఫ్రెట్‌కు కాపో పెట్టి డీ ఆకారాలు వాయించాలి. ఇద్దరూ ఒకే ఆకారం పడితే గోల పెరుగుతుంది గానీ నిండుదనం రాదు.

ఎఫ్310కి పికప్ (గిటార్ శబ్దాన్ని నేరుగా స్పీకర్‌కు పంపే పరికరం) లేదు. మైకును పన్నెండో ఫ్రెట్ వైపు తిప్పి 15-20 సెంటీమీటర్ల దూరంలో పెట్టండి. గిటార్ మధ్యలోని గుండ్రటి రంధ్రానికి ఎదురుగా పెడితే పెట్టె గుమ్మని మోగి ఫీడ్‌బ్యాక్ వస్తుంది. డీజే సౌండ్ పెట్టేవాళ్లు అలవాటుగా బేస్ పెంచుతారు, గిటార్ చానల్‌లో 100 హెర్ట్జ్ చుట్టుపక్కల తగ్గించమని ముందే చెప్పుకోవాలి. డ్రమ్స్ కూడా ఉంటే మైకుతో నెగ్గుకురాలేరు, కాస్త ఎక్కువ పెట్టి పికప్ ఉన్న ఎఫ్‌ఎక్స్310ఏ తీసుకోండి.