ఉప్పల్ నుంచి ఆర్కే బీచ్‌కి: విమానం గంటంపావు, ప్రయాణం ఆరు గంటలు

హైదరాబాద్ నుంచి విశాఖకు గాల్లో దూరం సుమారు 510 కిలోమీటర్లు. టికెట్ మీద గంటా పదిహేను నిమిషాలని ఉంటుంది. మొన్న అమ్మను తీసుకుని వెళ్లినప్పుడు, ఇంటికి తాళం వేసిన దగ్గర్నుంచీ టైము రాసుకుంటూ వెళ్లాను.

పొద్దున ఆరుంబావుకి ఉప్పల్లో క్యాబ్ ఎక్కాం. ఒక్కడినే అయితే ఎయిర్‌పోర్టుకి వెళ్లే పుష్పక్ బస్సు చాలు, అమ్మ మోకాళ్లతో అది కుదరదు. ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా శంషాబాద్ విమానాశ్రయం చేరేసరికి ఏడుంబావు దాటింది. దేశీయ విమానాలకు సామాను కౌంటర్ గంట ముందే మూసేస్తారు కాబట్టి ఆ మాత్రం ముందు వెళ్లక తప్పదు. తొమ్మిదిన్నర విమానం పది నిమిషాలు ఆలస్యంగా లేచింది.

పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు టికెట్ తీసుకునేటప్పుడే వీల్‌చైర్ అడగండి. మాకు పైసా తీసుకోలేదు. శంషాబాద్‌లో సెక్యూరిటీ దాటాక గేటు దాకా నడక చాలా ఉంటుంది. వీల్‌చైర్ తోసే కుర్రాడు అమ్మను విమానం తలుపు దాకా తీసుకెళ్లి, చెప్పు జారితే వంగి సరిచేసి మరీ వెళ్లాడు. ఈ ప్రయాణం మొత్తంలో నాకు బాగా నచ్చింది ఆ సేవే.

లేచిన అరగంటకి కొండల మధ్య మెలికలు తిరుగుతూ గోదారి కనిపించింది. పాపికొండల వైపు. అమ్మ అద్దానికి నుదురు ఆనించి, "ఇంత సన్నగా ఉందేంట్రా?" అంది.

పదీ నలభైకి విశాఖలో దిగాం. ఆ విమానాశ్రయం ఉన్నది నౌకాదళం వాళ్ల ఐఎన్ఎస్ డేగా స్థావరంలో. టెర్మినల్ చిన్నది, నడక తక్కువ. సామాను వచ్చేసరికి పదకొండు దాటింది. ఎన్ఏడీ కూడలి దగ్గర ట్రాఫిక్ దాటుకుని బీచ్ రోడ్డులో గది తాళం చేతికొచ్చేసరికి సరిగ్గా పన్నెండుంబావు. మొత్తం ఆరు గంటలు. అందులో గాల్లో ఉన్నది ఒక్క గంటే!

గది సంగతికొస్తే, సముద్రం కనిపిస్తుందని ఎక్కువ తీసుకున్నారు గానీ కిటికీకి అడ్డంగా నీళ్ల ట్యాంకు ఉంది. రెండో రోజే ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర లాడ్జికి మారాం. సగం అద్దెకే శుభ్రమైన గది, లిఫ్టు, పొద్దున్నే వేడి నీళ్లు. బీచ్‌కి ఆటోలో వెళ్లొస్తే సరిపోతుంది.

తిరుగు ప్రయాణానికి వందే భారత్ ఎక్కాం. 699 కిలోమీటర్లు, ఎనిమిదిన్నర గంటలు. విశాఖలో తెల్లారేసరికి బయల్దేరి మధ్యాహ్నానికి సికింద్రాబాద్ తెస్తుంది. ఇంటి నుంచి ఇంటికి లెక్కేస్తే విమానంతో మిగిలేది మూడున్నర, నాలుగు గంటలు. ఆసుపత్రి పనో, చావు కబురో అయితే ఆ నాలుగు గంటలు ఎంతో విలువైనవి. చుట్టపుచూపుకి మాత్రం నేను రైలే ఎక్కుతాను. విశాఖ కొత్త విమానాశ్రయం భోగాపురం నుంచి అయితే నగరానికి సుమారు 45 కిలోమీటర్లు రోడ్డు మీద పోవాలి. అప్పుడు ఈ తేడా ఇంకా తగ్గుతుంది.

రాజమండ్రి బ్రిడ్జి రాగానే అమ్మ కొంగు ముడి విప్పి రూపాయి బిళ్ల తీసింది. వందే భారత్ కిటికీలు తెరుచుకోవు. బిళ్లను రెండు అరచేతుల మధ్య పెట్టుకుని, బ్రిడ్జి దాటేదాకా అలాగే దణ్ణం పెట్టుకుంటూ కూర్చుంది.