జాగ్రత్త: లండన్‌లో ఫుట్‌బాల్ మ్యాచ్ టికెట్లు బ్లాకులో కొనకండి

లండన్‌లో ఉన్న ఫ్రెండ్ దగ్గరికి వెళ్లి, పొద్దున ఊరు చూసి, మధ్యాహ్నం ప్రీమియర్ లీగ్ (ఇంగ్లండ్‌లో అన్నిటికంటే పై స్థాయి ఫుట్‌బాల్ లీగ్) మ్యాచ్‌కి వెళ్దామని ప్లాన్ వేసుకునేవాళ్ల కోసం ఇది. రీసేల్ సైట్లలోగానీ, వాట్సాప్, ఫేస్‌బుక్ గ్రూపుల్లో "రెండు సీట్లు మిగిలాయి, కావాలంటే చెప్పండి" అనే పోస్టు చూసిగానీ టికెట్ కొనకండి. పౌండ్లలో కట్టిన డబ్బు పోతుంది, స్టేడియం దాకా వెళ్లి గేటు బయటే నిలబడాల్సి వస్తుంది.

అక్కడి టికెట్ మన సినిమా టికెట్‌లాగా ఎవరి చేతిలో ఉంటే వాళ్లది కాదు. చాలా క్లబ్బుల్లో అది ఒక మెంబర్ పేరు మీద, అతని ఫోన్ వాలెట్‌లో పాస్‌గా ఉంటుంది. గేటు దగ్గర ఫోన్‌ని రీడర్‌కి ఆనించాలి. అలాంటి చోట స్క్రీన్‌షాట్ పనిచేయదు, పీడీఎఫ్ పనిచేయదు. అందుకే బ్లాకులో అమ్మేవాళ్లు రకరకాల దారులు వెతుకుతారు. కొందరు వేరేవాళ్ల మెంబర్‌షిప్ లాగిన్ పంపి, మీ ఫోన్‌లో పాస్ ఎక్కించుకోమంటారు. కొందరు స్టేషన్ బయట కలిసి, పాస్ ఉన్న ఫోన్‌నే చేతికిచ్చి డిపాజిట్ తీసుకుంటారు. కొన్ని సైట్లలో అమ్మేవాడి దగ్గర అసలు టికెట్టే ఉండదు. ముందు మీ డబ్బు తీసుకుని తర్వాత వెతుకుతాడు, దొరక్కపోతే మ్యాచ్‌కి ముందురోజు క్యాన్సిల్ అంటాడు. డబ్బు వాపసు వచ్చినా అప్పటికి విమానం, హోటల్ ఖర్చు అయిపోయి ఉంటుంది. అనుమానం వచ్చిన అకౌంట్లను క్లబ్బులు బ్లాక్ చేస్తాయి కాబట్టి, నిన్నటిదాకా సరిగ్గా ఉన్న పాస్ కూడా ఈరోజు గేటు దగ్గర ఎర్ర లైటు చూపించవచ్చు.

ఇంగ్లండ్, వేల్స్‌లో క్లబ్బు అనుమతి లేకుండా ఫుట్‌బాల్ టికెట్ అమ్మడం 1994 నాటి చట్టం 166వ సెక్షన్ కింద నేరం. అసలు ధరకే అమ్మినా నేరమే. "నేను లాభం తీసుకోవట్లేదు అన్నా" అనే మాట విని నమ్మకండి. బయటి నుంచి ఆడటానికి వచ్చిన జట్టు అభిమానుల మధ్య కూర్చోబెట్టే "అవే ఎండ్" టికెట్ అమ్ముతామంటే మరీ అనుమానించాలి. వాటి ధర 30 పౌండ్లకు మించకూడదని లీగ్ నియమం, పైగా అవి ఎక్కువగా ఏళ్ల తరబడి మ్యాచ్‌లకు వెళ్లే అభిమానులకే దక్కుతాయి.

సరైన దారి క్లబ్బు సొంత వెబ్‌సైటే. ప్రీమియర్ లీగ్ క్లబ్బుల్లో సాధారణంగా ముందు ఏడాది మెంబర్‌షిప్ తీసుకోవాలి. ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలంటే సాధారణంగా ఇద్దరికీ మెంబర్‌షిప్ కావాలి, చాలామంది ఇక్కడే పొరబడతారు. ఆర్సెనల్ లాంటి క్లబ్బుల్లో టికెట్లకు లాటరీ ఉంటుంది. అందులో రాకపోతే క్లబ్బు టికెట్ ఎక్స్చేంజ్ చూస్తూ ఉండండి, సీజన్ మొత్తానికి టికెట్ ఉండి ఆ రోజు రాలేనివాళ్లు తమ సీట్లను అక్కడే వదులుతారు. మెంబర్‌షిప్ వద్దనుకుంటే క్లబ్బు అధికారిక హాస్పిటాలిటీ ప్యాకేజీ (సీటుతో పాటు భోజనంలాంటి సౌకర్యాలు) ఉంది, కానీ అది బాగా ఖరీదు. తక్కువ ఖర్చుతో అసలైన వాతావరణం కావాలంటే క్వీన్స్ పార్క్ రేంజర్స్, చార్ల్టన్, లేటన్ ఓరియంట్ లాంటి లండన్ క్లబ్బులు, లేదా మహిళల సూపర్ లీగ్ మ్యాచ్‌లు చూడండి. ఈ టికెట్లు చాలావరకు నేరుగా దొరుకుతాయి, నా దృష్టిలో మొదటిసారి వెళ్లేవాళ్లకు ఇవే మేలు.

విమానం టికెట్ తీసేముందు ఇంకో సంగతి. సీజన్ షెడ్యూల్లో శనివారం 3 గంటలకని ఉన్న మ్యాచ్, టీవీ ప్రసారం కోసం ఆదివారానికో సోమవారం రాత్రికో మారిపోవచ్చు. టీవీ తేదీలు ఖరారయ్యాకే రిటర్న్ ఫ్లైట్ బుక్ చేయండి. "శనివారం 3 గంటల మ్యాచ్ పబ్‌లో లైవ్" అని టేబుల్ అమ్మేవాళ్లనూ నమ్మకండి: శనివారం 2:45 నుంచి 5:15 దాకా బ్రిటన్‌లో ఫుట్‌బాల్ లైవ్ ప్రసారాలపై నిషేధం ఉంది. 12:30, 5:30 మ్యాచ్‌లైతే పబ్బులో చూడొచ్చు.

పొద్దున ఊరు చూసేటప్పుడు వెస్ట్‌మిన్‌స్టర్ బ్రిడ్జి మీద మూడు గిన్నెల కింద బంతి ఆట దగ్గర ఆగకండి. గెలుస్తున్నట్టు కనిపించేవాళ్లు వాళ్ల మనుషులే. సెంట్రల్ లండన్‌లో పాటలు పెట్టుకుని తిరిగే సైకిల్ రిక్షా ఎక్కేముందు మొత్తం ఎంతో, అది ఒక్కొక్కరికా ఇద్దరికా అని ఖచ్చితంగా అడగండి. పెద్ద బ్యాగు ఫ్రెండ్ ఇంట్లోనే వదిలేయండి, చాలా స్టేడియాల్లో ఏ4 కాగితం సైజుకు మించిన సంచిని లోపలికి రానివ్వరు. ఆ స్టేడియం సొంత జట్టు అభిమానుల సీట్లలో అవతలి జట్టు జెర్సీ వేసుకున్నా బయటికి పంపేయవచ్చు.

ఇప్పటికే డబ్బు కట్టేసి ఉంటే, అమ్మేవాడి మెసేజ్‌లు, రసీదు, గేటు దగ్గర పాస్ తిరస్కరించిన స్క్రీన్ అన్నీ దాచుకోండి. కార్డుతో కట్టి ఉంటే బ్యాంకులో వెంటనే డిస్ప్యూట్ వేయండి. ఫ్రెండ్ తన బ్రిటన్ ఖాతా నుంచి ట్రాన్స్‌ఫర్ చేసి ఉంటే 159కి (అక్కడి బ్యాంకు మోసాల నంబర్) ఫోన్ చేసి బ్యాంకుతో మాట్లాడమనండి, బ్రిటన్ ఖాతాల మధ్య జరిగిన మోసపూరిత ట్రాన్స్‌ఫర్లకు చాలావరకు బ్యాంకులు డబ్బు తిరిగివ్వాలనే నిబంధన అక్కడ 2024 అక్టోబర్ 7 నుంచి అమల్లో ఉంది. ఇండియాలోని ఖాతాకు యూపీఐలో పంపి ఉంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఆ రోజే ఫోన్ చేయండి. డబ్బు వేరే ఖాతాలకు మళ్లకముందే చెబితేనే ఆపగలిగే అవకాశం ఉంటుంది.