దుబాయ్ సీబీఎస్‌ఈ స్కూలా, కౌలాలంపూర్ కేంబ్రిడ్జ్ స్కూలా: మన టీచరుకు ఏది మేలు?

మా అక్క కూతురు హనుమకొండలో ఫిజిక్స్ టీచర్. ఆరేళ్ల అనుభవం ఉంది, నాలుగేళ్ల బాబు ఉన్నాడు. పోయిన ఆదివారం రెండు ఆఫర్ లెటర్లు ప్రింట్ తీసుకుని మా ఇంటికి వచ్చింది. ఒకటి దుబాయ్‌లోని సీబీఎస్‌ఈ స్కూలుది, రెండోది కౌలాలంపూర్‌లో కేంబ్రిడ్జ్ అనే బ్రిటిష్ బోర్డు సిలబస్ చెప్పే స్కూలుది. "చిన్నమ్మా, నువ్వు ఏడేండ్లు గల్ఫ్‌ల చెప్పినవు కదా, ఏది మంచిదో నువ్వే చెప్పు" అంది. రెండూ హైదరాబాద్ నుంచి విమానంలో నాలుగు గంటల దూరమే. కాబట్టి దూరం సంగతి పక్కన పెట్టి, రెండు కాగితాలనూ డైనింగ్ టేబుల్ మీద పక్కపక్కన పరిచాం.

ఎవరైనా ముందు జీతమే చూస్తారు, మేమూ అదే చూశాం. దుబాయ్ లెటర్‌లో నెలకు 5,000 దిర్హాములు, అక్కడ ఆదాయపు పన్ను లేదు. మొదటి పేజీ చూసి అది సంతోషపడింది. రెండో పేజీ తిప్పితే బేసిక్ 2,000 మాత్రమే, మిగతాదంతా ఇంటి అలవెన్సు, రవాణా అలవెన్సు. ఈ లైన్ చాలా ముఖ్యం. యూఏఈ చట్టం ప్రకారం ఉద్యోగం మానేటప్పుడు వచ్చే గ్రాట్యుటీని బేసిక్ మీదే లెక్కకడతారు. మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్, ఆ తర్వాత ఏడాదికి 30 రోజులది. అంటే 2,000 బేసిక్ మీద ఏడాదికి వచ్చేది 1,400 దిర్హాములు. అదే బేసిక్ 3,000 ఉంటే 2,100. నా మొదటి కాంట్రాక్టులో నేను ఈ లైన్ చదవకుండానే సంతకం పెట్టాను. ఐదేళ్లు కష్టపడ్డాక చేతికొచ్చిన లెక్క చూసి ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

కుటుంబం సంగతి ఇంకొకటి. భర్తనూ బాబునూ పిలిపించుకోవాలంటే యూఏఈలో 4,000 దిర్హాముల జీతం ఉండాలి, లేదా 3,000 జీతంతో పాటు కంపెనీ ఇల్లు ఉండాలి. 5,000 ఉంటే చట్టం ఒప్పుకుంటుంది, జేబు ఒప్పుకోదు. నాతో కలిసి పాఠాలు చెప్పిన టీచర్లలో చాలామంది ఫ్లాట్‌లో ఒక గది పంచుకుని, పిల్లల్ని వరంగల్‌లోనో కరీంనగర్‌లోనో అమ్మమ్మ దగ్గర వదిలి వచ్చినవాళ్లే. రాత్రి వీడియో కాల్ పెట్టి పిల్లవాడికి ఎక్కాలు చెప్పించడం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

కౌలాలంపూర్‌లో జీతం కొంచెం తక్కువే. పైగా అక్కడ పన్ను ఉంది. ఏడాదిలో 182 రోజులు అక్కడ ఉండని విదేశీ ఉద్యోగికి 30 శాతం పన్ను వేస్తారు. ఆగస్టులో చేరేవాళ్లకు మొదటి నెలల్లో ఆ కోత పడుతుంది, రెసిడెంట్ హోదా వచ్చాక స్లాబుల ప్రకారం తగ్గుతుంది. కానీ ఆ లెటర్‌లో బాబుకు ఫీజు లేదని, ముగ్గురికీ వైద్య బీమా ఉందని, ఏడాదికోసారి ముగ్గురికీ రానుపోను టికెట్లు ఇస్తామని ఒక్కో మాటా రాసి ఉంది. దుబాయ్ లెటర్‌లో పిల్లల ఫీజు దగ్గర "స్కూలు నిబంధనల ప్రకారం" అని ఉంది, ఆ నిబంధనలేంటో రాయలేదు.

డబ్బు కన్నా నన్ను ఎక్కువ ఆలోచనలో పడేసింది ఇంటర్వ్యూల తేడా. దుబాయ్ వాళ్లు పది నిమిషాలు ఓమ్ నియమం చెప్పించుకుని, పదో తరగతిలో ఎంత శాతం రిజల్ట్ తెచ్చావు, ట్యూషన్లు చెప్పావా అని అడిగి పంపారు. కౌలాలంపూర్ వాళ్ల డెమో కోసం అది మా ఇంట్లోనే కూర్చుని, ఒక దారానికి బోల్టు కట్టి, కుర్చీకి వేలాడదీసి లోలకం చూపించింది. వాళ్లు మధ్యలో ఆపి, "ఈ కొలతలో తప్పు ఎక్కడ దొర్లుతుంది? పిల్లలతో ఆ తప్పు ఎలా కనిపెట్టిస్తావు?" అని అడిగారు. ఇరవై ఊపుల కాలం కొలిచి ఇరవైతో భాగిస్తే స్టాప్‌వాచ్ నొక్కడంలో పొరపాటు తగ్గుతుందని అది చెప్పింది. కేంబ్రిడ్జ్ ఐజీసీఎస్‌ఈ (మన పదో తరగతిలాంటి పరీక్ష) ఫిజిక్స్‌లో ప్రాక్టికల్‌కు బదులు రాసే పేపర్ ఒకటి ఉంది, అందులో అడిగేవి ఇలాంటివే. అక్కడ మూడేళ్లు చెబితే ఆ పద్ధతి వంటపడుతుంది, దానితో ఇంకే దేశంలోనైనా తలుపు తట్టొచ్చు. సీబీఎస్‌ఈ స్కూల్లో మూడేళ్లు గడిచాక మా అమ్మాయి ఇప్పుడున్న చోటే ఉంటుందని నా భయం.

ఇది అన్ని సీబీఎస్‌ఈ స్కూళ్ల మాట కాదు. దుబాయ్‌లో అత్యుత్తమం అనే రేటింగ్ తెచ్చుకున్న భారతీయ స్కూళ్లూ ఉన్నాయి. అక్కడ కేహెచ్‌డీఏ అనే ప్రభుత్వ సంస్థ ప్రైవేటు స్కూళ్లను తనిఖీ చేసి, ఆ రిపోర్టులు అందరూ చదివేలా పెడుతుంది. ఒప్పుకునే ముందు ఆ స్కూలు రిపోర్టు చదవకపోతే అది మన తప్పే. మా అమ్మాయికి వచ్చిన స్కూలు రేటింగ్ 'ఆమోదయోగ్యం' దగ్గరే ఉంది.

ఏజెంటు విషయం. హనుమకొండలో ఒక కన్సల్టెన్సీ ఈ దుబాయ్ ఉద్యోగానికి లక్షన్నర అడిగింది, విజిట్ వీసా మీద ముందు వెళ్లిపో, తర్వాత మారుస్తాం అంది. మన జగిత్యాల, సిరిసిల్ల కుటుంబాలు ఈ మాట నమ్మి ఎంత నష్టపోయాయో చెప్పక్కర్లేదు. మన దేశంలో రిజిస్టర్డ్ ఏజెంటు తీసుకోగలిగే సర్వీస్ చార్జీ 30,000 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్‌టీ, అంతే. ఏజెంటు రిజిస్టర్ అయ్యాడో లేదో కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. యూఏఈ చట్టమైతే నియామక ఖర్చు ఉద్యోగి దగ్గర వసూలు చేయకూడదనే అంటుంది. కౌలాలంపూర్ స్కూలుకు మా అమ్మాయి నేరుగా దరఖాస్తు పెట్టింది, ఎవరికీ రూపాయి ఇవ్వలేదు.

మాల్దీవుల్లోనూ మనవాళ్లు చాలామంది పాఠాలు చెబుతున్నారు, కానీ చిన్న దీవిలో పిల్లవాడితో ఉండటం అందరికీ కుదరదు. రెండేళ్ల అనుభవం కూడా లేనివాళ్లు మాత్రం తొందరపడకుండా హైదరాబాద్‌లో ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియేట్) లేదా కేంబ్రిడ్జ్ స్కూల్లో చేరడం మంచిది. మంచి స్కూళ్లు ఆ మాత్రం అనుభవం లేకుండా దరఖాస్తు తెరిచి కూడా చూడవు.

నా మాట కౌలాలంపూరే. కానీ సంతకానికి ముందు రెండు స్కూళ్లకూ ఒకే మెయిల్ రాయించాను. నా స్థానంలో ఇప్పటిదాకా ఎవరు చెబుతున్నారు, ఎందుకు మానేస్తున్నారు, వాళ్లతో మాట్లాడొచ్చా, వారానికి ఎన్ని పీరియడ్లు? మర్నాడు పొద్దున్నే కౌలాలంపూర్ నుంచి వారానికి 24 పీరియడ్లు అని, వెళ్లిపోతున్న టీచర్ అనుమతితో ఆమె నంబరూ వచ్చాయి. ఇద్దరూ గంటసేపు మాట్లాడుకున్నారు. దుబాయ్ నుంచి ఇంకా జవాబు లేదు. విదేశీ ఉద్యోగానికి సర్టిఫికెట్లను అధికారికంగా ధ్రువీకరించే అటెస్టేషన్‌కు బీఎడ్ ప్రొవిజనల్ చాలదు కాబట్టి, మా అమ్మాయి నిన్న కాకతీయ యూనివర్సిటీకి వెళ్లి ఓడీకి (ఒరిజినల్ డిగ్రీకి) ఫీజు కట్టి వచ్చింది.