పాత బండి చప్పుళ్లు, ఒక ఇనుప కడ్డీ: ఆరేళ్ల వాడకం తర్వాత

మెకానిక్ ముందు నిలబడి బండి చప్పుడును నోటితో చేసి చూపించడం అంత తేలిక కాదు. "టకటక కాదండీ, టిక్‌టిక్... అదీ కాదు, కాస్త చిటచిటలాగా" అని యాభై దాటిన నేను నడిరోడ్డు మీద అభినయిస్తుంటాను. ఆయన కిక్ కొట్టగానే చప్పుడు మాయమవుతుంది, డాక్టరు గుమ్మం ఎక్కగానే పన్ను సలుపు తగ్గినట్టు.

నాది 2003లో కొన్న 100 సీసీ బండి. ఓడోమీటర్ ఒకసారి సున్నాలకు వచ్చి మళ్లీ లెక్క మొదలుపెట్టింది. ఏ కంపెనీదో చెప్పను, వయసు చేసిన పనికి కంపెనీని అనడం న్యాయం కాదు. దాని చప్పుళ్ల బాధ పడలేక 2019లో విజయవాడ ఆటోనగర్‌లో ఒక పనిముట్ల దుకాణంలో 380 రూపాయలకు మెకానిక్ స్టెతస్కోప్ కొన్నాను. డాక్టర్ల మెడలో ఉండేదే, కాకపోతే గుండె మీద పెట్టే బిళ్ల బదులు జానెడు ఉక్కు కడ్డీ ఉంటుంది. కడ్డీ మొదట్లో గుండ్రటి డిబ్బీ, అందులో పల్చటి రేకు. కడ్డీ కొనను ఇంజిన్ మీద ఆనిస్తే లోపలి అదురు రేకుకు, అక్కడి నుంచి గొట్టం ద్వారా చెవికి చేరుతుంది.

మొదటి రోజు భయపడ్డాను. ఎక్కడ ఆనించినా లోపల ఏదో విరిగిపోతున్నట్టే వినిపించింది. హెడ్ (ఇంజిన్ పై భాగం) మీద టకటక, ఎడమ కవరు మీద జరజర, కుడి కవరు మీద గరగర. ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్ కూడా లోపల ఇంత గోల చేస్తుందని అప్పటిదాకా తెలియదు. అందుకే మొదటి నెలంతా రోగం వెతకడం మానేసి, ప్రతి ఆదివారం బండి వేడెక్కాక అవే ఆరు చోట్ల ఆనించి వినడం అలవాటు చేసుకున్నాను. మామూలుగా ఎలా ఉంటుందో చెవికి పట్టాకే తేడా తెలియడం మొదలైంది. ఈ ఓపిక లేనివాళ్లకు ఈ పనిముట్టు దండగ.

పెట్టిన డబ్బు ఒక్క దెబ్బతో తిరిగి వచ్చిన సంగతి చెబుతాను. ఒక చలికాలం పొద్దున స్టార్టు చేయగానే హెడ్ దగ్గర టిక్ టిక్ టిక్. రేసు ఇస్తే ఎక్కువవుతుంది, నాలుగు కిలోమీటర్లు పోయాక సన్నబడుతుంది. మెకానిక్ వాల్వులను నెట్టే టాపెట్లు బిగించారు, తగ్గలేదు. "టైమింగ్ చైన్ పోయింది సార్, హెడ్ దించాలి" అని నాలుగున్నర వేలు అంచనా చెప్పారు. ఇంటికి వచ్చి కడ్డీ ఆనించాను. టైమింగ్ చైన్ (వాల్వులను ఆడించే లోపలి గొలుసు) తిరిగే ఎడమ వైపు ఎప్పుడూ వినిపించే జరజరే ఉంది. రెండు టాపెట్ మూతల మీదా పెద్ద తేడా లేదు. అప్పుడు కడ్డీని మర విప్పి తీసేసి, ఉత్త గొట్టం మూతిని సైలెన్సర్ పైపు హెడ్‌కు కలిసే చోట చుట్టూ తిప్పాను. ఒకచోట చెవిలో ఎవరో గాలి ఊదినట్టు ఫట్ ఫట్ ఫట్. టార్చి వేసి చూస్తే పైపును హెడ్‌కు బిగించే ఫ్లాంజి అంచున అల్యూమినియం మీద వెంట్రుక మందాన నల్లటి మసి గీత. సందు మూసే గ్యాస్కెట్ రింగు అణిగిపోయి పొగ తన్నుతోంది.

ఇక్కడ మెకానిక్‌ను పూర్తిగా తప్పు పట్టలేను. నాలుగు స్ట్రోకుల ఇంజిన్‌లో క్రాంక్ (పిస్టన్ తిప్పే ఇరుసు) రెండు చుట్లు తిరిగితే టాపెట్ ఒకసారి కొడుతుంది. పొగ తన్నే చప్పుడు కూడా రెండు చుట్లకు ఒకసారే వస్తుంది. లయ ఒకటే కాబట్టి చెవి మోసపోతుంది. వేడెక్కితే ఇనుము సాగి సందు మూసుకుంటుంది, అందుకే నాలుగు కిలోమీటర్ల తర్వాత సన్నబడేది. రింగు ఖరీదు 30 రూపాయలు. గోటితో పోయేదానికి గొడ్డలి సిద్ధమైంది, అంతే.

అయితే ఈ సాధనం అసలేమీ చేయలేని రోజులూ ఉన్నాయి. నిలబెట్టిన బండి మీదే ఇది పనిచేస్తుంది. నడిచేటప్పుడు మాత్రమే వచ్చే చప్పుడుకు బుర్రే గతి. ఒకసారి వెనక నుంచి టక్... టక్ అని మొదలైంది. ఇంజిన్ ఆపి, న్యూట్రల్‌లో వాలు మీద దొర్లించినా వస్తోంది, అంటే ఇంజిన్ నిర్దోషి. చక్రం బేరింగో, బ్రేకు షూలో అనుకున్నాను. కానీ లెక్క కుదరలేదు. 18 అంగుళాల చక్రానికి టైరు చుట్టుకొలత దాదాపు 1.87 మీటర్లు, 20 కిలోమీటర్ల వేగంలో సెకనుకు మూడు చుట్లు తిరుగుతుంది. చక్రంలో లోపమైతే సెకనుకు మూడు టక్కులు రావాలి. నాకు వినిపించేది సెకనుకు ఒకటి, ఒకటికి కాస్త పైన.

సెంటర్ స్టాండు వేసి, టైరు మీద సుద్దముక్కతో గీత పెట్టి చేత్తో తిప్పాను. గీత రెండుసార్లు పైకి వచ్చి, మూడోసారి సగం దూరం రాకముందే టక్. మళ్లీ అంతే. వెనక స్ప్రాకెట్‌కు (చైను ఎక్కే పళ్ల చక్రానికి) 42 పళ్లు, చైనుకు సుమారు వంద లింకులు. ఒక్కో పంటికి ఒక్కో లింకు కాబట్టి, వందను 42తో భాగిస్తే చైను ఒక చుట్టుకు చక్రం రెండు చుట్ల పైన మరి కొంచెం. దొంగ చైనులోనే ఉన్నాడు! ఒక్కో లింకునూ వేళ్లతో వంచి చూస్తూ పోతే, ఒకటి తుప్పు పట్టి బిగుసుకుపోయి, స్ప్రాకెట్ దాటాక కూడా మోకాలు వంచినట్టు అలాగే ఉంది. ఆ సాయంత్రం కడ్డీ పెట్టెలోంచి బయటికే రాలేదు.

కుడి కవరు గరగర సంగతి. న్యూట్రల్‌లో ఉన్నప్పుడు వచ్చి, క్లచ్ లివరు నొక్కగానే ఆగిపోతుంది. క్లచ్ పలకలు కూర్చునే బాస్కెట్ వదులు. ఏళ్ల తరబడి అలాగే ఉంది, పెరగలేదు కాబట్టి నేనూ ముట్టుకోలేదు. పెరగని చప్పుడుతో సంసారం చేయవచ్చని నా అభిప్రాయం. ఒప్పుకోని మిత్రులు ఉన్నారు.

నన్ను తల దించుకునేలా చేసింది మాత్రం 2022 ఎండాకాలం. కనకదుర్గ ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు, బరువు పడ్డప్పుడు మాత్రమే, అడుగు నుంచి డబ్ డబ్ అని మొద్దుగా వచ్చేది. కడ్డీ సిలిండరు మీద పెడితే మామూలే. కింద క్రాంక్ ఉండే పెట్టె, అంటే క్రాంక్‌కేస్ మీద పెట్టి రేసు ఇస్తే, తలుపును పిడికిలితో గుద్దినట్టు వినిపించింది. పిస్టన్‌ను క్రాంక్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్ పోయిందని చెవి స్పష్టంగా చెప్పింది. మనసు ఒప్పుకోలేదు. ఇంకో రెండు వారాలు తిప్పాను. ఆఖరికి ఆయిలు దించితే 900 మిల్లీలీటర్లు పట్టే ఇంజిన్‌లోంచి 400 కూడా రాలేదు. మట్టం చూసే పుల్ల చివరిసారి ఎప్పుడు తీశానో గుర్తు లేదు. ఇంజిన్ మొత్తం విప్పి, క్రాంక్ ప్రెస్సు చేయించి, రాడ్ కిట్టు మార్చేసరికి సాధనం ఖరీదుకు ఇరవై రెట్లు అయింది.

లోపాలు చెప్పకపోతే సమీక్ష కాదు. చెవి బుడిపెలు ఏడాదిలోనే గట్టిపడి నొప్పి పుట్టించాయి, ఆసుపత్రి సామాన్లు అమ్మే దుకాణంలో మెత్తటివి కొని తగిలించాను. గొట్టం ఒకసారి వేడి సైలెన్సరుకు తగిలి కరిగి అతుక్కుంది, ఆ కమురు వాసన వారం రోజులు పోలేదు. చెవికి పెట్టుకున్నాక కడ్డీ జారి దేనికైనా టక్కున తగిలితే తలలో పిడుగు పడ్డట్టు ఉంటుంది. స్టార్టులో ఉన్న బండి చైను దగ్గరికి, వేలాడే గొట్టంతో అసలు వెళ్లకండి. పొడవాటి స్క్రూడ్రైవరు పిడి చెవి ఎముకకు ఆనించి వినే పాత పద్ధతి కూడా సగం పని చేస్తుంది, ఖర్చు లేదు. కానీ పొగ తన్నడం దానితో దొరకదు, ముఖం ఇంజిన్‌కు మరీ దగ్గరగా పెట్టాలి.

కొనదలిస్తే కడ్డీ మరతో ఊడి వచ్చేదే తీసుకోండి. అతికించి ఉన్న రకం చవక, అయితే ఉత్త గొట్టంతో వెతికే వీలుండదు.

పోయిన నెల మిక్సీ గీపెడుతుంటే మా ఆవిడ ఆ కడ్డీని మిక్సీ మీదా జారు మీదా మార్చి మార్చి ఆనించి, "మోటారు బాగానే ఉంది, జారు అడుగున బుష్ అరిగింది" అని తేల్చింది. నిజమే, బుష్షే. అప్పటి నుంచి స్టెతస్కోప్ బండి పనిముట్ల పెట్టెలో లేదు, వంటింటి అల్మారాలో ఉంటోంది. కావాలంటే అడిగి తీసుకోవాలి.