హైతీ కొండ కోట: గుర్రం బేరం, గుమ్మడి సూప్

మయామీ నుంచి కరీబియన్ దేశం హైతీలోని కాప్-హైతియన్ నగరానికి (వాడుకలో కాప్) విమానంలో గట్టిగా రెండు గంటలు. అయినా "హైతీకా? అక్కడేముంది?" అని అడగనివాళ్లు లేరు. 2018 డిసెంబరు చివర్లో నేనూ, మా ఆవిడా నాలుగు రోజులు ఉండి వచ్చాం. ఇప్పుడున్న పరిస్థితుల్లో మాత్రం ఎవరినీ వెళ్లమనను.

దిగిన హోటల్ నుంచి సముద్రం బాగా కనిపిస్తుంది. అంతవరకే. బుకింగప్పుడు 24 గంటల కరెంటు అన్నారు, రాత్రి రెండింటికి జనరేటర్ ఆపేసేవారు. అడిగితే ఓనరమ్మ నవ్వి విసనకర్ర చేతిలో పెట్టింది.

కాప్ దగ్గరి మిలో ఊళ్లో సాన్-సుసీ రాజభవనం ఉంది. 1842 భూకంపంలో కూలాక మిగిలినవి మొండి గోడలు, పెద్ద మెట్లు. కట్టించిన ఆన్రీ క్రిస్టాఫ్ ఒకప్పుడు కాప్‌లోనే హోటల్లో పనిచేశాడంటారు. 1811లో రాజయ్యాడు. 1820లో పక్షవాతం వచ్చి, తిరుగుబాటు ముంచుకొస్తుంటే ఇక్కడే కాల్చుకుని చనిపోయాడు. వెండి గుండుతో కాల్చుకున్నాడన్న కథ కూడా గైడ్ చెప్పాడు. నమ్మడం మీ ఇష్టం.

అసలు చూడాల్సింది పైనున్న సిటడెల్, అంటే కొండ కోట. జీపు కొంతదూరమే వెళ్తుంది, తర్వాతదంతా నిటారు రాళ్ల దారి. జీపు దిగామో లేదో గుర్రాలవాళ్లు చుట్టుముట్టారు. గుర్రానికి బేరమాడాం కానీ, పగ్గం పట్టుకునేవాడికీ, వెనకనుంచి తోలేవాడికీ వేరే ఇవ్వాలని పైకెళ్లాకే తెలిసింది. ముగ్గురికీ కలిపి ముందే మాట్లాడుకోండి. మోకాళ్లు బాగుంటే నడకే నయం, పాపం ఆ గుర్రాలు బక్కచిక్కి ఉన్నాయి.

పైకెళ్లాక మాత్రం నోట మాట రాలేదు. సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున, ఓడ ముక్కులా ముందుకు పొడుచుకొచ్చిన గోడ. 1804 జనవరి 1న ఫ్రాన్స్ నుంచి స్వాతంత్ర్యం ప్రకటించుకున్నాక, ఫ్రెంచివాళ్లు మళ్లీ వస్తారన్న భయంతో క్రిస్టాఫే మొదలుపెట్టిన కోట ఇది. సుమారు 20,000 మంది పనిచేశారట. బానిసత్వాన్ని తెంచుకున్న జనం చేతే బలవంతంగా రాళ్లు మోయించారు. ఆ ముక్క గైడ్ తనంతట తాను చెప్పలేదు, నేనే అడగాల్సి వచ్చింది.

ఫిరంగి గుండ్లు ఇంకా గుట్టలుగా పేర్చే ఉన్నాయి. ఒకటి ఎత్తబోయాను, కదల్లేదు. ఫ్రెంచివాళ్లు ఈ కొండ దాకా రానేలేదు. 1825లో రాజధాని పోర్ట్-ఓ-ప్రిన్స్‌కి 14 యుద్ధనౌకలు పంపి, తోటలూ బానిసలూ పోగొట్టుకున్న తమవాళ్లకు నష్టపరిహారంగా 15 కోట్ల ఫ్రాంకులు కట్టమన్నారు. తర్వాత దాన్ని 9 కోట్లకు తగ్గించారు. దానికోసం చేసిన అప్పులు 1947 దాకా తీరుస్తూనే ఉన్నారు.

తిండి విషయంలో శాకాహారులకు కష్టమే. అన్నం, చిక్కుడు గింజలు, వేయించిన అరటికాయతో సరిపెట్టుకోవాలి. క్యాబేజీతో చేసే పిక్లీజ్ మాత్రం మన నాలుకకు సరిపోయే కారం. జనవరి 1 పొద్దున హోటల్లో అందరికీ సూప్ జుము, అంటే గుమ్మడికాయ సూప్, పోశారు. ఫ్రెంచి దొరల కాలంలో వండేది బానిసలు, తాగేది దొరలట. అందుకే స్వాతంత్ర్యం వచ్చిన ఆ రోజు ఇంటింటా ఇదే. అందులో గొడ్డు మాంసం ఉంటుందని మా ఆవిడ గిన్నె పక్కన పెడితే, ఓనరమ్మ వంటింట్లోకి వెళ్లి వట్టి గుమ్మడి, క్యారెట్‌తో విడిగా కాచి తెచ్చింది. దానికి బిల్లు వేయలేదు. జనరేటర్ సంగతి అప్పటికి మర్చిపోయాం.