ఫైరింజన్ ఎవరి చేతిలో ఉండాలి?

1992 నాటి 74వ రాజ్యాంగ సవరణతో వచ్చిన 12వ షెడ్యూల్లో అగ్నిమాపక సేవలు పట్టణ పాలక సంస్థలు చేపట్టదగ్గ పనుల్లో ఒకటి. ముంబైలో ఫైర్ బ్రిగేడ్ కార్పొరేషన్‌దే. మన అమలాపురమైనా, భీమవరమైనా ఆ శాఖ రాష్ట్రానిది.

రాష్ట్రం చేతిలో ఉంటే లాభం పెద్ద ప్రమాదాల్లో తెలుస్తుంది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరంలో (సిటీ కాదు, మామిడికుదురు దగ్గర ఊరు) గ్యాస్ పైపులైన్ పేలింది. అంత మంటకు ఒక మున్సిపాలిటీ బండి ఏ మూలకి? చుట్టుపక్కల స్టేషన్లన్నీ ఒక్క మాట మీద కదలాలి.

కానీ మన రోజువారీ గండం వేరు. ఎండాకాలం, తాటాకిళ్లు, గడ్డివాములు, కొబ్బరి పీచు కుప్పలు. పక్కనే కాలవ ఉంటుంది, వేసవిలో నీళ్లు ఆపి కట్టేశారంటే అందులో చుక్క ఉండదు. బండి ఆ వంతెన మీద పోతుందా, ఈ సందులో తిరుగుతుందా అన్నది వార్డు మెంబరుకి తెలిసినంతగా జిల్లా ఆఫీసుకి తెలియదు.

నా ఓటు మధ్యే మార్గానికి. బండ్లు, సిబ్బంది రాష్ట్రం దగ్గరే ఉండనివ్వండి. ఫంక్షన్ హాళ్ల తనిఖీ, దీపావళి షాపుల స్థలం, వేసవి నీళ్ల ఏర్పాటు మీద మాత్రం కౌన్సిల్ నిలదీసి అడగాలి. మొత్తం మున్సిపాలిటీకే అప్పగిస్తే, డ్రెయిన్లు తీయించడానికే డబ్బుల్లేని చోట ఇంజన్‌లో డీజిల్ ఎవరు పోయిస్తారు?