అనాటమీ అండ్ ఫిజియాలజీకి ఆంకీ: చాన్నాళ్లు వాడాక నా రివ్యూ

ఎముకల పేర్లు గుర్తుపెట్టుకోవడానికైతే ఆంకీ యాప్‌కి నూటికి నూరు వేస్తాను. కిడ్నీ ఎలా పనిచేస్తుందో అర్థం కావడానికైతే మాత్రం పాస్ మార్కులు కూడా వేయను.

నాది ఇంటర్ ఎంపీసీ, ఆ తర్వాత బీటెక్. పదో తరగతితోనే బయాలజీకి దండం పెట్టేశాను. టెక్సస్ వచ్చాక నర్సింగ్ చేద్దామని బయల్దేరితే, ముందు కమ్యూనిటీ కాలేజీలో ప్రీరిక్విజిట్లు, అంటే సీటుకి ముందే చదవాల్సిన కోర్సులు, పూర్తి చేయమన్నారు. వాటిలో చుక్కలు చూపించేవి బయాలజీ 2401, 2402. అంటే అనాటమీ (ఒంటి నిర్మాణం) అండ్ ఫిజియాలజీ (అది పనిచేసే తీరు) రెండు భాగాలు, ల్యాబ్‌తో కలిపి ఒక్కోటీ నాలుగు క్రెడిట్లు. సీ గ్రేడుతో కోర్సు గట్టెక్కొచ్చు గానీ, పోటీ ఉన్న ప్రోగ్రాములో సీటు రావడం కష్టం.

ఆంకీ తెలియనివాళ్లకి: ఇదో ఫ్లాష్‌కార్డుల యాప్, 2006 నుంచీ ఉంది. ముందు ప్రశ్న, వెనక జవాబు. ఎంత బాగా గుర్తొచ్చిందో మీరే బటన్ నొక్కి చెప్పాలి. తేలిగ్గా వస్తే ఆ కార్డు మళ్లీ ఎన్నో రోజులకు గానీ కనబడదు, రాకపోతే నిమిషాల్లో ఎదురొస్తుంది. కంప్యూటర్‌లో, ఆండ్రాయిడ్‌లో ఉచితం. ఐఫోన్ యాప్‌కి 24.99 డాలర్లు, అదీ ఒక్కసారే.

దీని అసలు సత్తా ల్యాబ్ ప్రాక్టికల్‌లో తెలిసింది. బల్లల మీద మోడళ్లు, ఎముకలు పెట్టి నంబర్ల పిన్నులు గుచ్చుతారు. ఒక్కో బల్ల దగ్గర నిమిషం, నిమిషంన్నర. టైమ్ అవగానే పక్క బల్లకి జరగాల్సిందే. ఆప్షన్లు ఉండవు, స్పెల్లింగ్ తప్పితే మార్కు పోయినట్టే. మెడ కండరం పేరు స్టెర్నోక్లైడోమాస్టాయిడ్ అని పలకడమే ఒక యజ్ఞం, ఇక రాయడం సంగతి చెప్పక్కర్లేదు. అందుకని జవాబు టైప్ చేసే రకం కార్డులు పెట్టుకున్నాను. తప్పు అక్షరాన్ని ఎర్రగా చూపిస్తుంది, దాంతో చెయ్యికి స్పెల్లింగ్ అలవాటైపోతుంది.

అంతకంటే పనికొచ్చింది ఇమేజ్ ఆక్లూజన్. బొమ్మ మీద పేర్లకి మూతలు వేసి ఒక్కోటీ అడుగుతుంది. 23.10 వెర్షన్ నుంచి యాప్‌లోనే ఉంది, విడిగా యాడ్-ఆన్ వేసుకోనక్కర్లేదు. పుస్తకంలో బొమ్మలు కాకుండా, అనుమతి ఉంటే ల్యాబ్‌లో మోడళ్లనే ఫోటో తీసుకోండి. హ్యూమరస్, అంటే భుజం నుంచి మోచేతి దాకా ఉండే ఎముక, పుస్తకంలో బుద్ధిగా నిలబడి ఉంటుంది, పరీక్షలో బోర్లా పడుకోబెడతారు. కింది కొసన లోతైన గుంట, ఒలెక్రనాన్ ఫోసా, కనబడితే అది వెనకవైపు. పైన గుండ్రటి తల ఒంటి మధ్యకి తిరిగి ఉంటుంది కాబట్టి, కుడిచేతిదో ఎడమచేతిదో అక్కణ్ణుంచే చెప్పేయొచ్చు. ఈ ఒక్క ఎముకనే నాలుగు వైపుల నుంచీ తీసి కార్డులు చేసుకున్నాను.

ఫిజియాలజీకి వచ్చేసరికి కథ మారిపోయింది. బీపీ పడిపోతే కిడ్నీ దాన్ని ఎలా నిలబెడుతుందో ఆ పాఠమే తీసుకోండి. రెనిన్ ఎక్కడ తయారవుతుంది? కిడ్నీలో. ఏసీఈ ఎంజైమ్ ఎక్కువగా ఎక్కడ? ఊపిరితిత్తుల్లో. ఆల్డోస్టిరాన్? అడ్రినల్ గ్రంథి. కార్డులన్నీ టకటకా వచ్చేస్తాయి. పరీక్షలో అలా అడగరు కదా! రక్తం పోయి బీపీ పడిపోయిన పేషెంటుకి సోడియం, పొటాషియం, మూత్రం ఏమవుతాయి అంటారు. కార్డుల్లో ముక్కలున్నాయి, వాటిని కలిపే దారం లేదు.

దీనికి నాకు పనికొచ్చింది తెల్ల కాగితం. పుస్తకం మూసి, బీపీ తగ్గడం దగ్గర మొదలుపెట్టి బాణాలు గీసుకుంటూ పోవాలి: కిడ్నీ నుంచి రెనిన్, అది లివర్ పంపిన యాంజియోటెన్సినోజెన్‌ని యాంజియోటెన్సిన్ 1గా మారుస్తుంది, ఏసీఈ దాన్ని 2 చేస్తుంది. రక్తనాళాలు బిగుస్తాయి, ఆల్డోస్టిరాన్ వచ్చి సోడియంని, దాంతోపాటు నీటిని ఆపుతుంది, పొటాషియంని బయటికి పంపుతుంది. మూత్రం తగ్గుతుంది. బాణం ఎక్కడ ఆగిపోతే అక్కడే మనకి రానట్టు. ఇది వంటబట్టాక మా మామయ్యగారి బీపీ మాత్ర రామిప్రిల్ ఏ బాణాన్ని అడ్డుకుంటుందో తెలిసిపోయింది: ఏసీఈ బాణాన్ని. దాంతో కొందరికి పొడిదగ్గు ఎందుకొస్తుందో కూడా: ఆ ఏసీఈనే బ్రాడికైనిన్ అనే పదార్థాన్ని విరగ్గొడుతుంది, ఎంజైమ్‌ని ఆపితే అది పేరుకుని దగ్గు తెప్పిస్తుంది.

వేరేవాళ్లు చేసిపెట్టిన డెక్‌లు, అంటే కార్డుల కట్టలు, బోలెడు దొరుకుతాయి. నాకు నచ్చవు. మీ సిలబస్‌లో లేని నరాలు కూడా అందులో ఉంటాయి, పైగా కార్డు తయారుచేసేటప్పుడే సగం చదువు అయిపోతుంది.

ఇంకో తలనొప్పి బకాయిలు. పిల్లాడికి జ్వరం వచ్చి నాలుగు రోజులు తెరవకపోతే కార్డులు గుట్టగా పేరుకుంటాయి. సెట్టింగ్స్‌లో రోజుకి 20 కొత్త కార్డులని ఉంటుంది. ఇల్లు, పిల్లలు ఉన్నవాళ్లు దాన్ని పదికి దించుకోండి, పరీక్ష వారంలో సున్నా చేయండి.

నర్సింగ్ సీటు కోసం రాసే టీయాస్ ఎంట్రన్స్‌కీ నా డెక్కే అక్కరకొచ్చింది. ఆ 170 ప్రశ్నల్లో 50 సైన్స్‌వే, అందులో పెద్ద వాటా మళ్లీ అనాటమీ అండ్ ఫిజియాలజీదే. ఇప్పుడు మైక్రోబయాలజీకీ ఆంకీనే వాడుతున్నాను, బ్యాక్టీరియా పేర్లకి బాగా కుదిరింది. ఐఫోన్ వాళ్లు తొందరపడి డబ్బు కట్టకండి. ముందు ఒక చాప్టర్ ల్యాప్‌టాప్‌లో చేసి చూడండి, ఫోన్ బ్రౌజర్‌లో ఆంకీవెబ్ ఎలాగూ ఉచితమే.